గబ్బిలాల లెక్క: ఒక పరిశోధనా జీవితం

మన బులెటిన్‌లో ఇంజనీరింగు, చార్టర్డ్ అకౌంటెన్సీ, నర్సింగు, బ్యాంకు పరీక్షల గురించి తరచుగా రాస్తుంటాం. ఈసారి మన పిల్లల దరఖాస్తుల్లో అరుదుగా కనిపించే ఒక వృత్తి గురించి రాయదలిచాను. అది పక్షుల మీద, గబ్బిలాల మీద పరిశోధన.

నేను జీవశాస్త్రం చదివినవాణ్ని కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, అక్కడే పదవీ విరమణ చేశాను. పీణ్యలో నివాసం. అయినా ఈ విషయం రాయడానికి పూనుకోవడానికి ఒక కారణం ఉంది. ఉపకార వేతనాల ఇంటర్వ్యూలలో అమ్మాయో అబ్బాయో "బి.ఎస్సీ.లో జంతుశాస్త్రం తీసుకుంటాను" అనగానే, పక్కన కూర్చున్న తండ్రి "దాంట్లో ఏముంది సార్, ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి ఫీజు కట్టే తండ్రికి ఆ ప్రశ్న అడిగే హక్కు పూర్తిగా ఉంది. కాబట్టి దానికి "ఆసక్తి ఉంటే చాలు" అని తేలికగా జవాబు చెప్పకుండా, ఒక నిజమైన పరిశోధకుడి పని తీసుకుని, అందులో ఏమి చేస్తారు, ఎన్నేళ్లు పడుతుంది, చివరికి ఏమి మిగులుతుంది అన్నది వివరిస్తాను.

కోలారు కొండల్లో ఒక గుహ

కోలారు అనగానే మనకు బంగారు గనులు గుర్తుకొస్తాయి. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. అదే జిల్లాలో, ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక ప్రాణి ఉన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్న ఆ జిల్లాలో హనుమనహళ్లి అనే ఊరి దగ్గర రాతిగుట్ట కింద ఒక గుహ ఉంది. అందులో కోలారు ఆకుముక్కు గబ్బిలం నివసిస్తుంది. ముక్కు మీద చర్మం ఆకులాగా ముడతలు పడి ఉంటుంది కనుక ఆ పేరు. ఇది పురుగులను తిని బతికే చిన్న గబ్బిలం.

దీన్ని కొత్త జాతిగా 1994లో లోకానికి పరిచయం చేసినవారు ఇద్దరు: జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ సెంకెన్‌బర్గ్ మ్యూజియంకు చెందిన డీటర్ కాక్, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు చెందిన హెచ్.ఆర్. భట్. అప్పట్లో కోలారు జిల్లాలోనే తేరహళ్లి, హనుమనహళ్లి అనే రెండు చోట్ల ఇది ఉండేది. ఆ తర్వాత చాలా ఏళ్లు దీన్ని పట్టించుకున్నవారు తక్కువ. మళ్లీ వెళ్లి లెక్క చూసినవారు హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ భార్గవీ శ్రీనివాసులు, డాక్టర్ చెల్మల శ్రీనివాసులు, వారి బృందం. తేరహళ్లిలో ఈ గబ్బిలం లేకుండా పోయింది. హనుమనహళ్లిలోని ఒక్క గుహలో మాత్రం మిగిలింది. మొత్తం సంఖ్య 200 లోపే.

నేను ఒక జాతికి సంబంధించిన మొత్తం నిల్వ గురించి చెబుతున్నానని గమనించగలరు. ఒక ఊళ్లో ఉన్నవి 200 అని కాదు, భూమి మీద ఉన్నవి అన్నీ కలిపి అంత. గబ్బిలానికి సాధారణంగా ఏడాదికి ఒక్కటే పిల్ల. అసలు తక్కువ, వడ్డీ ఇంకా తక్కువ. అటువంటి ఖాతాలోంచి ఒక్కసారి పెద్ద మొత్తం పోతే తిరిగి భర్తీ కావడం చాలా కష్టం. ప్రమాదం కూడా పక్కనే ఉంది. ఆ చుట్టుపక్కల గ్రానైటు కోసం అక్రమంగా రాళ్లు పగలగొట్టేవారు.

పరిశోధకులు ఇచ్చిన లెక్కల ఆధారంగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2016లో ఈ గబ్బిలాన్ని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో అంతకంటే పై మెట్టు అంటే అడవిలో పూర్తిగా అంతరించిపోవడమే. తర్వాత కర్ణాటక ప్రభుత్వం రాతి తవ్వకాన్ని ఆపించి, గుహ చుట్టూ 30 ఎకరాల మేర రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. బెంగళూరుకు చెందిన బ్యాట్ కన్జర్వేషన్ ఇండియా ట్రస్ట్ అనే సంస్థ అటవీ శాఖతో కలిసి దీని రక్షణకు పనిచేస్తోంది.

ఇక్కడ విద్యార్థులు ఒక క్రమాన్ని గమనించాలి. ముందు ఎవరో ఒకరు గుహలోకి వెళ్లి లెక్కపెట్టారు. లెక్క వచ్చింది కాబట్టి జాబితాలో చేరింది. జాబితాలో చేరింది కాబట్టి అధికారి బల్ల మీదికి ఫైలు వచ్చింది. ఫైలు వచ్చింది కాబట్టి తవ్వకం ఆగింది. లెక్క లేనిదే ఏ అధికారీ ఏమీ చేయలేడు. ఈ సంగతి బ్యాంకులో పనిచేసినవాడికి ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

నల్లమల నుంచి అండమాన్ దాకా

డాక్టర్ చెల్మల శ్రీనివాసులు గారి పని కేవలం గబ్బిలాలతో మొదలు కాలేదు. 2002లో ఆయన, అదే విశ్వవిద్యాలయానికి చెందిన వి. నాగులు గారు కలిసి నల్లమల కొండల్లోని పక్షులు, క్షీరదాల మీద ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. శ్రీశైలం వెళ్లే దారిలో మనం బస్సు కిటికీలోంచి చూసే ఆ అడవిలో ఏయే పక్షులు, ఏయే జంతువులు ఉన్నాయో జాతివారీగా పట్టిక రాసిన పని అది. వినడానికి మామూలు జాబితాలా ఉంటుంది. కానీ రేపు ఒక పక్షి అక్కడ కనబడకపోతే, ఒకప్పుడు ఉండేదని చెప్పడానికి ఆ పట్టికే సాక్ష్యం. దాన్ని ప్రారంభ నిల్వ అనుకోండి.

2010లో ఆయన, స్కాట్లండుకు చెందిన పాల్ రేసీ, అమెరికాలో పనిచేసిన షారూఖ్ మిస్త్రీలతో కలిసి దక్షిణాసియా గబ్బిలాలను గుర్తుపట్టే సూచిక తయారుచేశారు. చేతిలో ఉన్న గబ్బిలం చెవి ఎలా ఉంది, ముంజేయి ఎన్ని మిల్లీమీటర్లు, ముక్కు మీద ఆకు ఉందా లేదా అని ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ పోతే, చివరికి దాని పేరు దొరుకుతుంది. డెబ్బై పేజీలకు పైబడిన ఈ సూచికను ప్రచురించిన పత్రిక కోయంబత్తూరు నుంచి వెలువడుతుంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. 2012లో దక్షిణాసియా క్షీరదాల మీద శ్రీనివాసులు గారు, భార్గవి గారు కలిసి రాసిన గ్రంథాన్ని స్ప్రింగర్ సంస్థ ప్రచురించింది.

ఈ బృందం కోలారు గబ్బిలానికి బంధువులు ఏవో కూడా పరిశీలించింది. 2019లో అండమాన్ దీవుల లాడం ముక్కు గబ్బిలం మీద ఒక వ్యాసం వచ్చింది. జార్జ్ డాబ్సన్ అనే శాస్త్రవేత్త 1872లో దానికి పేరు పెట్టాడు. తర్వాతివారు అది వేరే జాతి కాదని, ఇంకొక జాతిలో ఒక ఉపజాతి మాత్రమేనని రాసుకున్నారు. శ్రీనివాసులు గారి బృందం బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్యారెత్ జోన్స్‌తో కలిసి శరీరం కొలతలు, కూత ధ్వని, జన్యువులు మూడూ పోల్చి చూసి, అది ప్రత్యేక జాతే అని నిరూపించింది. దాదాపు 150 ఏళ్ల నాటి పద్దును మళ్లీ తీసి సరిచేయడమన్నమాట.

2002 నుంచి 2019 వరకు పదిహేడేళ్లు. మధ్యలో ఎన్నో చిన్న చిన్న వ్యాసాలు, సర్వేలు. ఏ ఒక్క రోజూ వార్తాపత్రిక మొదటి పేజీలోకి వచ్చే పని కాదు. కానీ వరుసగా పెట్టి చూస్తే ఒక జీవితకాలపు కృషి కనిపిస్తుంది.

ఈ పని ఎలా చేస్తారు?

పక్షులను చూడటం పగటి పని, ఎక్కువగా తెల్లవారుజామున. ఒక నిర్ణీత దారిలో నడుస్తూ, ఎన్ని పక్షులు కనిపించాయి, ఎంత దూరంలో, ఏ చెట్టు మీద, ఏమి చేస్తున్నాయి అని నోటు పుస్తకంలో రాస్తారు. అదే దారిలో మళ్లీ మళ్లీ నడుస్తారు. ఒకే రోజు చూసినదానికి విలువ తక్కువ, పదేళ్లు ఒకే పద్ధతిలో చూసినదానికి విలువ ఎక్కువ.

గబ్బిలాల పని సాయంత్రం మొదలవుతుంది. పొద్దు గుంకే వేళ గుహ ముఖద్వారం దగ్గర కూర్చుని బయటికి వచ్చేవాటిని లెక్కపెడతారు. కొన్నింటిని సన్నని వలతో జాగ్రత్తగా పట్టి, బరువు తూచి, ముంజేయి కొలిచి, మగదా ఆడదా అని రాసుకుని అక్కడే వదిలేస్తారు. మూడో పద్ధతి ధ్వని. గబ్బిలం కూత వేసి, అది పురుగుకో గోడకో తగిలి వచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటుంది. ఈ సంగతిని 1938 తర్వాత అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి, సహాధ్యాయులతో కలిసి నిరూపించాడు. మన చెవికి 20 వేల హెర్ట్జ్ వరకే వినబడుతుంది. గబ్బిలాల కూత చాలావరకు అంతకు పైనే. ఆ కూతను పట్టే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. ఒక్కొక్క జాతి కూత ఒక్కొక్క రకం కనుక, చీకట్లో కంటికి కనబడని గబ్బిలాన్ని కూత బట్టి గుర్తుపడతారు.

ఇలాంటి పని మన పక్కనే జరుగుతోంది. యశ్వంతపురం దాటగానే వచ్చే భారతీయ విజ్ఞాన సంస్థలో పర్యావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. దాన్ని 1983లో మాధవ్ గాడ్గిల్ స్థాపించారు. అక్కడి ఆచార్యులు రోహిణీ బాలకృష్ణన్ బృందం 2015లో ఒక ఆసక్తికరమైన విషయం ప్రచురించింది. మిడతల జాతికి చెందిన ఒక రకం పురుగుల్లో మగవి కూస్తాయి, ఆడవి కూయవు. కూసే మగవే గబ్బిలానికి ఎక్కువగా దొరుకుతాయని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే, చప్పుడు చేయకుండా అటూ ఇటూ తిరిగే ఆడ పురుగులే ఎక్కువగా గబ్బిలం నోట పడుతున్నాయి. మనం ఊహించినదానికి, కొలిచి చూసినదానికి ఎంత తేడా ఉంటుందో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

గబ్బిలం మీద ఇంత శ్రద్ధ ఎందుకు?

ప్రపంచంలో గబ్బిలాలు 1,400కు పైగా జాతులు ఉన్నాయి. మన దేశంలో సుమారు 130. పురుగులు తినే గబ్బిలాలు రాత్రిపూట దోమలను, పంటలను తినే రెక్కల పురుగులను పెద్ద సంఖ్యలో తింటాయి. పండ్లు తినేవి విత్తనాలను దూరంగా వెదజల్లుతాయి. ఇప్ప, బూరుగ వంటి చెట్ల పూలకు పరాగ సంపర్కం చేస్తాయి.

అయినా మన దగ్గర గబ్బిలం అంటే అపశకునం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్లు తినే గబ్బిలాలు ఎలుకలు, కాకులతో పాటు హానికర జంతువుల పట్టికలో ఉండేవి. 2022 సవరణతో ఆ పట్టికనే తీసివేశారు. మన గుర్రం జాషువా గారు మాత్రం 1941లోనే తన కావ్యానికి 'గబ్బిలం' అని పేరు పెట్టారు. అంటరానివాడని గుడిలోకి రానివ్వని పేదవాడు, గుడిలో అడ్డు లేకుండా తిరిగే గబ్బిలంతో శివుడికి తన గోడు చెప్పి పంపడం అందులోని కథ. అందరూ చీదరించుకునే ప్రాణిని తోడు చేసుకున్న మహాకవి మనవాడు కావడం మనకు గర్వకారణం.

జాగ్రత్త కూడా చెప్పాలి. గబ్బిలాల్లో కొన్ని వైరస్‌లు ఉంటాయి. 2018లో కేరళలో వచ్చిన నిపా వ్యాధికి పండ్ల గబ్బిలాలతో సంబంధం ఉన్నట్టు తేలింది. కాబట్టి పిల్లలు గబ్బిలాన్ని చేత్తో ముట్టుకోకూడదు, అవి కొరికిన పండ్లు తినకూడదు, గుహల్లోకి వినోదానికి వెళ్లకూడదు. అదే సమయంలో భయంతో వాటిని చంపడమూ తప్పే. 2020లో కోవిడ్ భయం మొదలైనప్పుడు, గబ్బిలాల నుంచి మనుషులకు నేరుగా కోవిడ్ వస్తోందన్నదానికి ఆధారం లేదని, వాటిని చంపవద్దని దక్షిణాసియా గబ్బిలాల పరిశోధకులు కలిసి ప్రకటన విడుదల చేశారు. ఏళ్ల తరబడి లెక్కలు రాసినవారు కనుకనే ఆ గడియలో ధైర్యంగా మాట్లాడగలిగారు.

కామర్సు చదివిన పక్షి శాస్త్రవేత్త

కామర్సు చదివిన నాకు ప్రత్యేకంగా ఇష్టమైన ఒక సంగతి చెబుతాను. మన దేశంలో పక్షుల శాస్త్రానికి పెద్ద దిక్కు అయిన సలీం అలీ 1917లో బర్మా నుంచి బొంబాయికి తిరిగి వచ్చాక దావర్ కామర్సు కళాశాలలో వాణిజ్య చట్టం, అకౌంట్లు చదవడానికి చేరారు. తర్వాతే జంతుశాస్త్రం వైపు మళ్లారు. తగిన డిగ్రీ లేదని ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం ఇవ్వలేదు. 1926లో మ్యూజియంలో సందర్శకులకు వివరించే ఉద్యోగం చేశారు. ఆ తర్వాత జర్మనీ వెళ్లి శిక్షణ పొందారు. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి హైదరాబాదు సంస్థాన పక్షుల సర్వే చేశారు. తెలంగాణ పక్షుల గురించి పనిచేసేవారు ఈనాటికీ ఆ సర్వేను చూస్తారు.

ఆయన పేరు ఒక గబ్బిలానికి కూడా ఉంది. 1948లో తమిళనాడు కొండల్లో దొరికిన ఒక గబ్బిలాన్ని మామూలు పండ్ల గబ్బిలంగా పొరబడి బొంబాయి మ్యూజియం సేకరణలో పెట్టారు. 1972లో థాయిలాండుకు చెందిన కిట్టి తోంగ్లోంగ్యా దాన్ని తీసి చూసి, ఇది సరికొత్త జాతి అని గుర్తించి, సలీం అలీ పేరు పెట్టాడు. ఇరవై నాలుగేళ్లు డ్రాయరులో ఉన్న వస్తువును శ్రద్ధగా చూసినందుకు వచ్చిన ఫలితం అది.

తల్లిదండ్రులకు: కాలం, ఖర్చు, జీతం

ఇప్పుడు తండ్రుల ప్రశ్నకు వస్తాను. పి.యు.సి. తర్వాత డిగ్రీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు, పిహెచ్.డి. అయిదారేళ్లు. పరిశోధకుడుగా స్థిరపడేసరికి ముప్పయి దగ్గరికి వస్తుంది. ఇది దాచకూడని మాట.

అయితే అన్నేళ్లూ ఇంటి నుంచి డబ్బు పోదు. సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్షలో జూనియర్ రిసర్చి ఫెలోషిప్‌కు ఎంపికైతే, 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. ఇంటి అద్దె భత్యం వేరు. అంటే ఎమ్మెస్సీ వరకే కుటుంబం మోయాలి. ఆ అయిదేళ్లకే మనలాంటి ఉపకార వేతనాలు అక్కరకు వస్తాయి.

విశ్వవిద్యాలయాల్లో శాశ్వత ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ దారులు అదొక్కటే కాదు. నెట్ లేదా కె-సెట్ పాసైతే కళాశాలలో అధ్యాపకులు కావచ్చు. అటవీ శాఖ అధికారుల పరీక్షలు, ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు ఉన్నాయి. గాలిమరల రెక్కలకు తగిలి పక్షులు, గబ్బిలాలు చనిపోతాయి కనుక, అటువంటి ప్రాజెక్టుల దగ్గర సర్వే చేసే నిపుణులూ కావాలి. వీటిలో ఏదీ రాకపోయినా, వేల పద్దులను క్రమంగా రాయడం, గణాంకాలు వేయడం, కంప్యూటరు మీద విశ్లేషించడం అలవాటైన పిల్లవాడు ఖాళీగా కూర్చోడు.

విద్యార్థులకు

ఇప్పుడే మొదలుపెట్టండి. అందుకు దుర్భిణి కూడా ముందే అక్కరలేదు. ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, చోటు, చూసిన పక్షి, సంఖ్య అని అయిదు గడులు గీసుకోండి. మీ వీధి, మీ కాలేజీ ఆవరణ చాలు. సెలవు రోజున హెసరఘట్ట వైపు వెళ్లండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో ఎవరైనా పాల్గొనవచ్చు, రుసుము లేదు. తెలియని పక్షిని తెలియదనే రాయండి, ఊహించి పేరు పెట్టకండి. లెక్కలో అబద్ధం రాయడం కంటే ఖాళీ వదలడం మేలు.

గణాంక శాస్త్రం నిర్లక్ష్యం చేయకండి. ఇంగ్లీషు వ్యాసాలు నిఘంటువు పక్కన పెట్టుకునైనా చదవండి. ఇక్కడ పేర్కొన్న వ్యాసాలు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. డిగ్రీ తర్వాత చదువుకు బెంగళూరులోనే జి.కె.వి.కె. ఆవరణలో జాతీయ జీవశాస్త్రాల కేంద్రం, బయట దేహరాదూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థ, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఉన్నాయి. కొన్ని కోర్సులకు ప్రతి ఏటా ప్రవేశాలు ఉండవు కనుక ప్రకటనలు ముందుగా చూసుకోండి.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీ బిడ్డ చెట్టు కింద నిలబడి పక్షిని చూస్తూ ఆలస్యంగా ఇంటికి వస్తే, ముందు ఆ నోటు పుస్తకం అడిగి చూడండి. అందులో తేదీలు వరుసగా ఉంటే, ఆరు నెలలైనా పద్దులు ఆగకుండా ఉంటే, ఆ పిల్లకు ఈ వృత్తికి కావలసిన ముఖ్యమైన గుణం ఉన్నట్టే. అటువంటి పిల్లలు వచ్చే ఏడాది దరఖాస్తుతో పాటు ఆ పుస్తకాన్ని కూడా తీసుకురావలసిందిగా కోరుతున్నాను. మార్కుల జాబితాతో సమానంగా దాన్ని చదువుతాం.